సోమవారం గొర్రె

శనివారం తెల్లవారేసరికి మాంసం కొట్టు ముందు జనం వరుస కట్టేసేవాళ్ళు. చేతుల్లో గుడ్డ సంచులు, మూతగిన్నెలు, ఇంకా ఆవలింతలు తీరని మొహాలు. షట్టరు సగం పైకి లేవగానే ముందున్నవాళ్ళు నడుము వంచి లోపలికి తొంగిచూసి అడిగేది ఒకటే మాట: "వచ్చిందా?"

పాల ప్యాకెట్టు వచ్చిందా అని అడిగినంత మామూలుగా అడిగేవాళ్ళు.

"సోమవారమే వచ్చింది," అనేవాడు కొట్టాయన, కత్తిని సానరాయి మీద రుద్దుతూ, తలైనా ఎత్తకుండా.

వచ్చింది గొర్రె. శనివారం పొద్దున దాన్ని కోసేవాడు, మధ్యాహ్నానికల్లా అమ్మేసేవాడు. ఆదివారం వీధివీధంతా వండుకుని తినేది. సోమవారం పొద్దున్నే అదే గొర్రె నడుచుకుంటూ వచ్చి కొట్టాయన పెరటి తలుపు దగ్గర నిలబడేది. చెవి పక్కన గుండీ అంత నల్లమచ్చ, మెడ చుట్టూ దారం కట్టినట్టు సన్నటి ఎర్రగీత. కొత్తలో ఒకరిద్దరు మచ్చ చూసి "ఆ, అదే," అనుకున్నారు. అనుకుని తూకం వేయించుకుని వెళ్ళిపోయారు. కుళాయిలో నీళ్ళొస్తుంటే బిందె పట్టేవాళ్ళే గానీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఆరా తీసేవాళ్ళెవరు?

వంకలు పెట్టడానికి మాత్రం నోళ్ళు బాగానే లేచేవి. ఈ వారం కొవ్వు ఎక్కువైందని ఒకరు, పోయిన వారం తొడ ముదిరిందని ఇంకొకరు. వాళ్ళ కోసం చచ్చి, మళ్ళీ లేచి, మళ్ళీ చావడానికి తన కాళ్ళతో తాను నడిచొచ్చిన దాన్ని పట్టుకుని ముదిరిందట! రిటైరైన టీచరమ్మ ఒకామె ఉండేది. కార్జం ముందు తనకే తియ్యాలి, ఇంకొకరికి పోతే ఆ రోజంతా మొహం మాడ్చుకునేది. అందుకే వీధిలో ఆమెని కార్జం టీచరనేవాళ్ళు. వరుసలో ఆఖర్న వచ్చినా కొట్టాయన కిక్కురుమనకుండా మొదటి పొట్లం ఆమెకే కట్టేవాడు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు.

ఇక తోళ్ళ సంగతి వినండి. వారం వారం తోలు ఊడొస్తోంది కదా, చవగ్గా దొరుకుతోంది కదా అని ప్రతి ఇంటివాళ్ళూ ఒకటి కొనుక్కుని గుమ్మం ముందు పరుచుకున్నారు. ఏ ఇంటికెళ్ళినా అదే తోలు, ఆ చెవి పక్కన అదే నల్లమచ్చ. బురద కాళ్ళు దాని మీద తుడుచుకుని లోపలికి పోయేవాళ్ళు. సోమవారం పొద్దున ఆ గొర్రె వీధి మొదట్నుంచి నడుచుకుంటూ, గుమ్మం గుమ్మానికీ తన తోలు తాను చూసుకుంటూ వచ్చేది. ఒక్కనాడూ అరవలేదు. శనివారం కొట్టాయన తాడు తీసుకునేలోపే వెళ్ళి మొద్దు మీద మెడ పెట్టేది. "ఎంత బుద్ధిగలదో!" అని మెచ్చుకునేవాళ్ళు, సంచులు విప్పుకుంటూ. ఆ మెచ్చుకోలు చెత్తకుండీ కన్నా రోత.

ఇంట్లో కొట్టాయన భార్య మాత్రం ఆ మాంసం ముట్టేది కాదు. వండేది, వడ్డించేది, చొక్కాలకంటిన నెత్తురు సబ్బుపెట్టి ఉతికేది. తను మాత్రం వంటింట్లో ఓ మూల కూర్చుని ఉత్త అన్నం తినేది. అడిగినవాళ్ళకి అరగదని చెప్పేది. అరగంది మాంసం కాదు.

కూతురు కడుపులో ఉన్నప్పటి సంగతది. మంచి ఎండాకాలం. కరెంటు పోయి కొట్లో ఐసుపెట్టె చల్లబడటం మానేసింది. మిగిలిన మాంసం జిగురుపట్టి, అంచుల్లో పచ్చరంగు తిరిగింది. పారేయడానికి కొట్టాయనకి చెయ్యి రాలేదు. బకెట్లో వినెగరు పోసి, మోచేతుల దాకా చేతులు ముంచి మాంసం కడిగి, ఆ కంపు మీద ఇంకో వాసన పూసి, చర్చి వెనకున్న వృద్ధాశ్రమానికి పంపించాడు. ముసలివాళ్ళకి నాలుక చచ్చుంటుంది, రుచి ఏం తెలుస్తుందిలే అన్నాడు భార్యతో, నవ్వుతూ. ఆమె విని ఊరుకుంది. ఆ రాత్రి ఆశ్రమంలో మంచం మంచానికీ వాంతులు. తెల్లారేసరికి ఒకాయన పోయాడు. గడియారాలు బాగుచేసి బతికిన మనిషి, ఆశ్రమంలో గోడ గడియారానికి రోజూ తనే కీ ఇచ్చేవాడట. ఆయన పోయాక అది ఆగిపోయింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

పోలీసులు వచ్చేసరికి ఇంట్లో ముగ్గురున్నారు: కొట్టాయన, భార్య, పెళ్ళికాని తమ్ముడు. తమ్ముడికి దవడ వాచిపోయి ఉంది, నోట్లో దూది. క్రితం రోజంతా పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని పన్ను పీకించుకొచ్చాడు, కొట్లో అడుగే పెట్టలేదు. ఎవరు కడిగారు, ఎవరు పంపారు అని పోలీసులు అడిగారు. తమ్ముడు అన్న మొహం చూశాడు. నిండుగా ఉన్న వదిన కడుపు చూశాడు. నోట్లోంచి దూది తీశాడు.

"నేనే కడిగాను. నేనే పంపాను."

అన్న నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. అంతే, ఇంకేం లేదు. ఒకడు తెరిచిన నోరు మూసుకున్నందుకు ఇంకొకడు జైలుకి పోయాడు. వదిన కూడా నోరు మెదపలేదు, ఆమెని వెనకేసుకురావడానికేం లేదు. కడుపులో బిడ్డకి తండ్రి కావాలనుకుంది. అనుకున్నట్టే తండ్రి మిగిలాడు. ఆ తండ్రి మొహం చూసినప్పుడల్లా మాత్రం ఆమెకి వినెగరు వాసన కొట్టేది.

తమ్ముడికి శిక్ష పడిన వారం కొట్టాయన ఒక గొర్రెని కొనుక్కొచ్చి కోశాడు. సోమవారం అది తిరిగొచ్చింది. అప్పట్నుంచీ ఇంకో గొర్రె కొనాల్సిన పని పడలేదు. దాని మాంసం ఎంతసేపున్నా చెడేది కాదు. దాంతో కొట్టుకి పోయిన పేరు తిరిగొచ్చింది. కొట్టాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని చర్చిలో ముందు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పాటలు కూడా గొంతెత్తి పాడేవాడు.

కూతురు బడికి వెళ్ళే వయసుకొచ్చాక తమ్ముడు విడుదలయ్యాడు. జుట్టు నెరిసింది, మాట తగ్గింది. లోపల చోటు లేదురా అన్నాడు అన్న, మూడు గదుల ఇంటి ముందు నిలబడి. పెరట్లో గొర్రెని కట్టేసే రేకుల పాకలో చాప వేయించాడు. తమ్ముడు అక్కడే సర్దుకున్నాడు. గొర్రెకి గడ్డి తెచ్చేవాడు, మెడ మీద ఎర్రగీతకి కొబ్బరినూనె రాసేవాడు. పాప వచ్చి బాబాయి పక్కన కూర్చునేది. ఒకరోజు బళ్ళోంచి వస్తూనే తల్లిని అడిగింది, బాబాయి ఒక తాతని చంపేశాడటగా, నిజమేనా అని. పాలు తాగి ఆడుకోపో అంది తల్లి.

శనివారం తమ్ముడు కొట్టు ముందు నీళ్ళు చల్లి ఊడుస్తుంటే వరుసలో గుసగుసలు లేచాయి. కార్జం టీచర్ అతన్ని చూసి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వాడి చెయ్యి పడిన మాంసం మా ఇంట్లో ఎవరూ తినరు అన్నారు ఇంకొకరు. అని ఎవరైనా ఇంటికి పోయారా అంటే, లేదు. సంచి నిండాకే కదిలారు.

మర్నాడు చర్చిలో పాస్టరుగారు ప్రసంగం చేశారు. ఆయన మంచివాడే, కాకపోతే మరీ మెత్తన. ఏ తప్పూ చేయనివాడు అందరి తప్పులూ తన మీద వేసుకుని చనిపోయాడు, ఆ ఒక్క చావూ అందరికీ సరిపోయింది, ఇక మీరు చేయాల్సింది తప్పు ఒప్పుకుని ఆ మేలు అందుకోవడమే అని చెప్పారు. జనం కళ్ళొత్తుకున్నారు. కొట్టాయన అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాడు. వెనక, తలుపు పక్కన నిలబడ్డ తమ్ముణ్ణి కూర్చోమని ఒక్కళ్ళూ జరగలేదు.

ప్రార్థన అయ్యాక మెట్ల మీద సంఘపెద్ద అందర్నీ ఆపాడు. శనివారాల్లో తొడముక్క వాటా ఆయనది. గొంతు సవరించుకుని తమ్ముడితో అన్నాడు:

"మేమంతా నిన్ను క్షమించేశాం బాబూ. అందులో అనుమానం లేదు. కాకపోతే నువ్వు ఇక్కడ వద్దు. ఎక్కడైనా చల్లగా ఉండు."

ఛీ! అదేం క్షమాపణ? గుమ్మం ముందు పరుచుకున్న తోలుకీ దానికీ తేడా ఏముంది? పాస్టరుగారు చేతిలో బైబిలు సర్దుకున్నారు. రేపు పొద్దున బస్సుకి వెళ్ళిపోతానండీ అన్నాడు తమ్ముడు. అందరూ కొట్టాయన వైపు చూశారు, అన్నగా ఏమంటాడోనని. భార్య కూడా చూసింది. ఒక్క మాట చాలు. అతను గోళ్ళలో ఎండిన నెత్తురు గీక్కుంటూ, వాడికి అక్కడే ఏదో పని దొరుకుతుందిలెండి అన్నాడు.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. మూలుగ ఎముక పళ్ళెం అంచుకి తట్టి, నోట పెట్టుకుని జుర్రుతున్నాడు. భార్య ఎదురుగా నిలబడింది.

"మీ తమ్ముడు రేపు వెళ్తే ఇంక ఈ గుమ్మం తొక్కడు. మీరు నిజం చెబితే ఉంటాడు."

"వాడి శిక్ష అయిపోయిందిగా. ఇప్పుడు తవ్వి తీస్తే ఎవరికి లాభం?"

"మిమ్మల్ని చూస్తే నాకు రోత పుడుతోంది," అందామె. "నన్ను చూసుకున్నా అంతే."

అతను ఆమె వంక చూశాడు. ఎముకలో ఇంకా మిగిలింది ఉంటే అదీ జుర్రుకుని, చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

సోమవారం పొద్దున పెరటి తలుపు దగ్గర గొర్రె లేదు. కొట్టాయన కాసేపు నిలబడ్డాడు, వీధిలోకి వచ్చి చూశాడు, మళ్ళీ పెరట్లోకి వెళ్ళాడు. పాకలో చాప చుట్టిపెట్టి ఉంది. తమ్ముడు అప్పటికే పాపని తీసుకుని బస్టాపుకి వెళ్ళిపోయాడు, వదిన టిఫిన్ డబ్బా పట్టుకుని వెంట వెళ్ళింది. ఇంతలో పాలు పోసేవాడు సైకిలాపి, మీ గొర్రె బస్టాపులో మీ తమ్ముడి సంచి పక్కన కూర్చుని ఉంది, ఊరెళ్తున్నట్టుంది అని చెప్పి తొక్కుకుంటూ పోయాడు.

ఆ మాట వీధంతా పాకింది. జబ్బుపడ్డవాణ్ణి చూడ్డానికి కదలని కాళ్ళు పరుగులు పెట్టాయి. శనివారానికి ఇంకా ఎన్నాళ్ళో ఉన్నా కొందరు సంచులు కూడా తెచ్చుకున్నారు, ఎందుకైనా మంచిదని. కొట్టాయన తాడూ కత్తీ పట్టుకుని అందరి ముందూ నడిచాడు.

బస్టాపు సిమెంటు అరుగు మీద తమ్ముడు కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర గొర్రె. వదిన కొంగు వెనక పాప. జనం చుట్టూ మూగారు, గోల విని పాస్టరుగారూ వచ్చారు. దొంగ, నూనె రాసి మచ్చిక చేసుకున్నాడు, మాది మాకు కాకుండా లాక్కుపోతున్నాడు అని అరిచారు. ఒకడు గొర్రె చెవి పట్టుకుని లాగాడు, ఇంకొకడు వెనక కాలు పట్టుకున్నాడు. సంఘపెద్ద ముందుకొచ్చి, ఈడ్చుకుపోవడం దేనికి, ఇవాళ ఇక్కడే కానిచ్చేస్తే సరిపోతుందిగా అన్నాడు. ఎవరూ కాదనలేదు. గొర్రె లేచింది. ఎప్పట్లాగే, ఎవరూ చెప్పకుండానే, వెళ్ళి అరుగు అంచు మీద మెడ పెట్టింది.

తమ్ముడు అడ్డుపడలేదు, కోప్పడలేదు. అన్న కళ్ళలోకి చూశాడు.

"అన్నయ్యా," అన్నాడు, "ఇంకా చాలలేదా?"

కొట్టాయన వంగి ఎడమచేత్తో గొర్రె దవడ పట్టుకున్నాడు. అలవాటైన పని. వంగినప్పుడు తమ్ముడి మొహం దగ్గరగా కనపడింది. పన్ను పోయిన చోట బుగ్గ లోపలికి గుంటపడి ఉంది. ఇన్నాళ్ళూ అతను ఆ బుగ్గ వైపు చూడనే లేదు. అప్పుడు కొట్టింది వాసన. వినెగరు. దాని కింద దాగి ఉన్న కుళ్ళు కంపు. గొర్రె నుంచేమో అనుకుని మొహం తిప్పుకున్నాడు. గొర్రె నుంచి కాదు. తన చేతుల్లోంచి, మోచేతుల దాకా. చొక్కాకి తుడుచుకున్నాడు. ఇంకా ఎక్కువైంది. కత్తి కింద పడింది. రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూలబడి, నిన్న తిన్నదంతా వాంతి చేసుకున్నాడు. ఖాళీ అయినా ఆగలేదు, పేగులు తోడేసినట్టు అయింది. జనం చీరలూ ప్యాంట్లూ పైకి లాక్కుని వెనక్కి జరిగారు. ఇన్నేళ్ళుగా భార్యకి పుడుతున్న రోత ఆ పూట అతనికి పుట్టింది.

మూతి తుడుచుకోకుండానే లేచాడు.

"ఆ మాంసం కడిగింది నేను. ఈ చేతుల్తోనే. కుళ్ళిందని తెలిసే పంపాను. ఆ రోజు వీడు కొట్లో లేడు, పన్ను పీకించుకోడానికి వెళ్ళాడు. ఆ ముసలాయన్ని చంపింది నేను."

కార్జం టీచర్ చేతిలో సంచి మడతలు పెడుతూ ఉంది, ఇంక మడవడానికి మిగల్లేదు. పాస్టరుగారు ఆమెని చూశారు. ఆమె తలదించుకుంది.

"నేనూ ఆ రోజు పళ్ళ డాక్టరు దగ్గరే ఉన్నాను," అంది మెల్లిగా. "నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. సాయంత్రం దాకా."

మొదటి పొట్లం ఆమెకే ఎందుకు కట్టేవాడో అప్పుడు అర్థమైంది జనానికి. అర్థమై ఏం చేశారు? మొహమొహాలు చూసుకున్నారు. సంఘపెద్ద దగ్గాడు.

"సరే, అయిందేదో అయింది. అవన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు," అన్నాడు. "ముందీ సంగతి చెప్పు. శనివారానికి మాంసం ఉన్నట్టా, లేనట్టా?"

అప్పుడు గొర్రె అరిచింది. అంతవరకూ దాని గొంతు విన్నవాళ్ళు లేరు. మామూలు గొర్రె అరుపే, కాస్త బొంగురుగా ఉంది. అరుగు మీద నుంచి మెడ తీసి, సంఘపెద్ద కాళ్ళ పక్క నుంచే వెళ్ళి, కాలవ గట్టున మొలిచిన గడ్డి పీక్కుతినడం మొదలుపెట్టింది. తమ్ముడు వెళ్ళి మెడ మీద బొచ్చు పాయలు తీసి చూశాడు. ఎర్రగీత ఎక్కడా లేదు.

బస్సు వచ్చింది, కాసేపు ఆగింది, వెళ్ళిపోయింది. తమ్ముడు ఎక్కలేదు.

కొట్టాయన కత్తి తీసి పాస్టరుగారి చేతికిచ్చి పోలీస్ స్టేషన్ వైపు నడిచాడు. ఆయన కత్తిని ఎలా పట్టుకోవాలో తెలియక కాసేపు తడబడి, తర్వాత కొట్టాయన పక్కనే నడిచారు. భార్య కూతురి చెయ్యి మరిది చేతిలో పెట్టింది.

"నేనూ వెళ్తాను బాబూ. నాకు తెలుసని నేను కూడా చెప్పాలి," అంది. "పాపకి అన్నం పెట్టు."

సాయంత్రానికి ఆమె తిరిగొచ్చింది. కొట్టాయన రాలేదు. ఆయనకి శిక్ష పడింది, చాలా ఏళ్ళే పడింది. తమ్ముణ్ణి పాకలోంచి ఇంట్లోకి తెచ్చుకున్నారు. కొట్లో మొద్దు తీసేసి, జైల్లో నేర్చుకున్న వడ్రంగం పని మొదలుపెట్టాడతను. కుర్చీలు, బల్లలు బాగుచేసేవాడు. చర్చి బల్లలు కూడా అతనే చేశాడు. సంఘపెద్ద వాటి మీదే కూర్చుంటాడు, సుఖంగానే ఉందంటాడు. జనం మాంసానికి వంతెన అవతల కొట్టుకి పోవడం మొదలుపెట్టారు, దూరమైపోయిందని సణుక్కుంటూ. తోళ్ళు కొందరు తీసి దాచారు. చాలామంది ఇప్పటికీ వాటి మీదే కాళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళనేమనాలి?

గొర్రె పెరట్లోనే ఉండిపోయింది. శనివారాలు వచ్చేవి, పోయేవి. అది గడ్డి తినేది, పాప బడి నుంచి వచ్చే వేళకి అరిచేది. ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళు అరిగాయి, మోకాళ్ళు బిగుసుకుపోయాయి, కళ్ళలో పొర కమ్మింది. ఒక చలికాలం శనివారం పొద్దున లేవలేదు. పాక వెనక గొయ్యి తీసి, తోలు తియ్యకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు పూడ్చిపెట్టారు.

ఆ తర్వాత ములాఖత్ రోజున తమ్ముడు అన్నని చూడ్డానికి వెళ్ళాడు. కడ్డీలకి అటు అన్న, ఇటు తమ్ముడు. అన్న చిక్కిపోయాడు, జైలు వంటింట్లో గిన్నెలు తోమి తోమి చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

"గొర్రె పోయిందన్నయ్యా."

అన్న కడ్డీలు గట్టిగా పట్టుకున్నాడు. "ఎవరైనా కోశారా?"

"లేదు. ముసలిదైపోయింది. నిద్రలోనే పోయింది."

అన్న భయపడుతున్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"సోమవారం?"

"పెరటి తలుపు తీసిపెట్టి పొద్దున్నుంచి చీకటి పడేదాకా కూర్చున్నాను. వదిన కూడా కూర్చుంది. రాలేదు."

అన్న నుదురు కడ్డీలకి ఆనించాడు. భుజాలు కదిలాయి. తమ్ముడు కడ్డీల సందులోంచి చెయ్యి పెట్టి ఆ నానిన చేతిని పట్టుకున్నాడు. అన్న తలెత్తాడు.

"హమ్మయ్య," అన్నాడు. "చాలు."